చిల్లుల రేకు

మా అల్లుడు ప్రవీణ్ ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు నెలరోజులు ఆలోచిస్తాడు. తను ఆలోచిస్తే ఆలోచించనీ, మనల్ని కూడా కూర్చోబెట్టి ఆలోచించమంటాడు. అదీ గొడవ. ఈమధ్య అతనికి ఇంట్లోనే మాల్ట్ చేయాలని బుద్ధి పుట్టింది. ఇక్కడ బహ్రెయిన్‌లో కోల్డ్‌స్టోర్లనే చిల్లరకొట్లలో సీసాల్లో అమ్ముతారే, బార్లీతో చేసిన మత్తులేని పానీయం, అదన్నమాట. కొనుక్కుంటే పోలేదా అని మా అమ్మాయి అంటే, వాటిలో చక్కెర తప్ప ఏముంది, మనం గింజ దగ్గర్నుంచీ చేద్దాం అన్నాడు. బుసైతీన్‌లో మా ఫ్లాటు వంటగట్టు మీద సగం జాగా ఆక్రమిస్తూ అడుగున కుళాయి ఉన్న పెద్ద పాత్ర ఒకటి దిగింది. ఇక తేలాల్సింది దానిలో పెట్టే జల్లెడ సంగతి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగ్గొట్టి, వేడినీళ్ళలో నానేస్తే తియ్యటి నీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళు కుళాయిలోంచి రావాలి, పొట్టు లోపలే ఉండిపోవాలి. దానికి మూడు రకాల జల్లెళ్ళు ఉన్నాయట. గుడ్డసంచి ఒకటి, కుళాయికి లోపలివైపు తగిలించే ఉక్కుతీగల గొట్టం ఇంకొకటి, పాత్ర అడుగున పరిచే చిల్లుల పళ్ళెం మరొకటి. ఫోను నా కళ్ళకి ఆనించినంత దగ్గరగా పెట్టి, "అత్తయ్యగారూ, మీరైతే ఏది తీసుకుంటారు?" అని అడిగాడు.

నేను లేచి అమ్మ గదిలోకి వెళ్ళాను. కిందటేడు నాన్న పోయాక అమ్మని భీమవరం దగ్గర మా ఊరి నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. వస్తూ వస్తూ ఆవిడ తెచ్చుకున్న పెట్టెలో చీరలు నాలుగు, బైబిలు ఒకటి, తువ్వాల్లో చుట్టిన అల్యూమినియం రేకు ఒకటి. విమానాశ్రయంలో సామాన్లు చూసే కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి ఏంటిది అని సైగ చేస్తే, "మా ఆయన చేశారు," అని తెలుగులోనే చెప్పింది. అతనికి ఏం అర్థమైందో, పోనిచ్చేశాడు. ఆ రేకు తెచ్చి ప్రవీణ్ చేతిలో పెట్టాను. గుండ్రంగా కోసిన రేకు, నిండా సన్నటి చిల్లులు, కింద మూడు బోల్టులే కాళ్ళు. చిల్లులు మధ్యలో వరసగా ఉన్నాయి కానీ అంచుల దగ్గరికి వచ్చేసరికి ఎటుపడితే అటు వెళ్ళిపోయాయి. "ఇది మీ తాతగారు చేసిందే. ముందు ఈ మూడు రకాల గురించీ నేను చెప్పేది విను బాబూ, తర్వాత కొనుక్కుందువుగాని," అన్నాను.

నేను, అమ్మ బహ్రెయిన్‌కి వచ్చేటప్పటికి నా పదో తరగతి అప్పుడే అయింది. నాన్న అంతకుముందే వచ్చి అస్కర్ దగ్గర అల్యూమినియం కరిగించే కార్ఖానాలో పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫోర్‌మన్ అయ్యాడు. మా కోసం క్యాంపు వదిలి గుదైబియాలో ఒక గది తీసుకున్నాడు. వంటిల్లు పక్క వాటావాళ్ళతో ఉమ్మడి. కింద ఒకవైపు లాండ్రీ, ఇంకోవైపు కెఫటేరియా. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఇస్త్రీ ఆవిరి, ఏలకుల టీ వాసన కలిసి పైకి వచ్చేవి. సాయంత్రానికి ఎవరి గదిలోనో ఎండుచేపలు వేగేవి. నాన్న డ్యూటీ బట్టల వాసన వేరు. ఎంత సబ్బు పెట్టి ఉతికినా కాలిన ఇనుములాంటి వాసన ఒకటి వాటిని పట్టుకుని ఉండేది. అమ్మ వాటిని మిగతా బట్టలతో కలపకుండా వేరే బకెట్లో నానబెట్టేది. నాకు మాత్రం ఆ వాసనంటే ఇష్టం, మెట్ల మీద ఉండగానే నాన్న వస్తున్నాడని తెలిసిపోయేది.

మేము దిగిన రోజు సాయంత్రం, అమ్మ ఊరినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి కలుపుకుని తింటూ తింటూ నాన్న చెయ్యి ఆపేశాడు. "కరుణా, నేను మళ్ళీ మొదలెట్టేను," అన్నాడు అమ్మతో. మొదలెట్టింది ఏంటో మా ఇద్దరికీ అడగక్కర్లేకుండానే తెలుసు. ఊళ్ళో ఉండగా నాన్న తాగేవాడు. కల్లుతో మొదలై సారా దాకా వెళ్ళింది. బాప్తిస్మం తీసుకున్నాక మానేశాడు, డోలక్ నేర్చుకుని ప్రార్థనల్లో వాయించడం మొదలుపెట్టాడు. ఊరు మారింది, ఒంటరితనం వచ్చింది, గురువారం సాయంత్రం కంపెనీ బస్సు దిగాక తోటివాళ్ళు హోటల్‌కి పోదాం రమ్మన్నారు. అప్పట్లో మాకు శుక్రవారం సెలవు. తను వెళ్ళాడు. చెప్పి తలదించుకుని కూర్చున్నాడు. అమ్మ ఏడుస్తుందేమోనని నేను హడిలిపోయాను. అమ్మ ఏడవలేదు, ఇంకో ముద్ద పచ్చడి వేసింది.

"ఏం తాగుతున్నారు?" అని అడిగింది.

"బీరు."

"దాన్ని దేంతో చేత్తారు?"

"బార్లీతో అంటారు."

"బార్లీయేనా? జొరానికి కాచి ఇత్తామే, ఆ బార్లీయేనా? ఎలా ఉంటది?"

"చేదుగా ఉంటది. సల్లగా, కొంచెం చేదుగా. రోజంతా ఆ వేడిలో ఉండొచ్చాక గొంతులో దిగుతుంటే హాయిగా ఉంటది."

"అయితే నేను చేసిత్తాను. మత్తు లేకుండా చేత్తాను. మీరు గురువారం సక్కా ఇంటికి రండి," అంది అమ్మ. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, నడుముకి చుట్టిన కొంగు విప్పి తలమీద వేసుకుంది. "మీరు అది మానేసినన్నాళ్ళూ, మీ కోసం నేను చేసే ఈ నీళ్ళు కూడా నేను నోట పెట్టను. ఇది దేవుడి ముందు నా తీర్మానం," అంది. నాన్న వద్దనలేదు. వద్దన్నా ఆవిడ వినేది కాదు.

అలా మా ఇంట్లో ప్రతి వారం ఒకటే దిగులు, ఈ గురువారం నాన్న బస్సు దిగి ఇటు వస్తాడా, అటు వెళ్తాడా అని. అమ్మకి ఎప్పుడూ బీరు వాసన కూడా తెలియదు. తెలిసింది రాగిమాల్ట్ ఒకటే. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పొడి కొట్టడం పుట్టింట్లో నేర్చుకుంది. బార్లీకీ అదే మంత్రం వేసింది. కొట్లో దొరికే తెల్లబార్లీ ఎంత నానినా మొలకెత్తలేదు, పాచిపోయింది. పొట్టు తీసేసిన గింజ మొలవదని అప్పుడు తెలిసింది. నాన్న మేకల దాణా అమ్మే కొట్టునుంచి పొట్టు బార్లీ బస్తా మోసుకొచ్చాడు. అది మొలిచింది. మిద్దె మీద పరిస్తే ఇక్కడి ఎండకి ఒక్క పూటలో గలగలమని ఎండింది. పావురాలకి కాపలా నేను. ఎండినదాన్ని అమ్మ మూకుట్లో దోరగా వేయించి మిక్సీలో వేసి, వేడినీళ్ళలో కలిపి, దుప్పటి చుట్టి పెట్టింది. గంట పోయాక మూత తీస్తే గది నిండా కొత్త రొట్టె వాసన. వాసన అంత బాగుంది కదా, వడకట్టడానికి వచ్చేసరికి మొదలైంది అసలు యాతన.

ముందు టీ వడపోసుకునే జాలీ పెట్టింది. పిండంతా దిగిపోయింది. తర్వాత వాయిలు చీర ముక్క కట్టింది. రెండు గరిటెలు పోసేసరికి మూసుకుపోయి చుక్క కూడా దిగలేదు. దిండుగలీబులో పోసి పిండింది. చీర కంటే అదే నయం, కానీ దిగినవి తెల్లగా, చిక్కగా, అడుగున ముద్దతో ఉన్నాయి. నాన్న చేదుగా ఉంటుందన్న మాట గుర్తుపెట్టుకుని గుప్పెడు మెంతులు వేసి మరగబెట్టి చల్లార్చి, గురువారం సాయంత్రం గ్లాసులో పోసి ఇచ్చింది. నాన్న తాగాడు. మొహం ఎటో పెట్టుకున్నాడు. "కరుణా, ఏమీ అనుకోకే, ఇది కుడితిలా ఉంది," అన్నాడు. అమ్మకి కోపం వచ్చింది. "అయితే గేదెలా తాగండి," అంది. మా ఇంట్లో ఇంత పెద్ద సంగతి మీద నవ్వు రావడం అదే మొదలు. నవ్వాడే కానీ ఆ గ్లాసు సగంలోనే ఆపేశాడు. ఆ తర్వాతి గురువారం చాలా ఆలస్యంగా వచ్చాడు. అమ్మ అన్నం వేడిచేసి పెట్టింది.

ఆ మరుసటి వారం నాన్నకి వేరే పూట డ్యూటీ పడి పగలు ఇంట్లో ఉన్నాడు. అమ్మ దిండుగలీబు పిండుతుంటే చూశాడు. అంతవరకూ ఆ పని ఆయన కంటపడలేదు. సలసల కాగే నీళ్ళు కాకపోయినా వేలు పెట్టి ఓర్చుకోలేనంత వేడి అది. అమ్మ అరచేతులు ఎర్రగా పొంగి ఉన్నాయి. నాన్న దగ్గరికొచ్చి, ఆ చేతులు రెండూ తిప్పి చూసి బయటికి వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో అని అమ్మ తలుపు దగ్గరే నిలబడింది. కాసేపటికి ఆయన తన సైటు కూలరు కడిగి మోసుకొచ్చాడు. గల్ఫులో పనిచేసే ప్రతివాడూ ఎరిగిన వస్తువే అది. కింద కుళాయి, మందపాటి గోడలు, మంచినీళ్ళు పోసి సైటు మీదికి పట్టుకెళ్ళే డబ్బా. "దీంట్లో నానెయ్యి, దుప్పటి అక్కర్లేదు. వేడి పోదు, కుళాయి తిప్పితే అదే దిగుద్ది," అన్నాడు. మొదట ఆ కుళాయికి లోపల జాలీ చుట్టిన గొట్టం ముక్క బిగించాడు. ఒక్కసారికే పిండి పట్టేసి మూసుకుపోయింది. అప్పుడు సూపర్వైజర్ని అడిగి తుక్కులోంచి ఒక రేకు తెచ్చాడు. తిండి తినే విరామాల్లో కూర్చుని దాన్ని గుండ్రంగా కోసి, సన్న డ్రిల్లుతో చిల్లులు వేశాడు. ఆ డ్రిల్లు ముక్క అరిగిపోతుంటే చేతులు అదిరి అంచుల దగ్గర వరస తప్పింది. అన్నీ అయ్యేసరికి కొన్నాళ్ళు పట్టింది. ఆ కొన్నాళ్ళూ గురువారాలు ఆయన రేకు చంకలో పెట్టుకుని తిన్నగా ఇంటికే వచ్చాడు, కూలర్లో సరిపోయిందో లేదో చూసుకోవాలి కదా మరి.

మిక్సీ కూడా నాన్నే మానిపించాడు. గింజ పొడి అయితే జిగురు పడుతుందని, సీసాతో దొర్లించి పగిలీ పగలనట్టు నలపమన్నాడు. అప్పుడు పొట్టు ముక్కలు రేకు మీద మెత్తగా పరుచుకుని, అవే జల్లెడలా పనిచేశాయి. కుళాయి తిప్పగానే మొదట వచ్చినవి ఎప్పుడూ మడ్డిగానే ఉండేవి. వాటిని పట్టి మళ్ళీ పైనే పోసేవాడు. మళ్ళీ పట్టి మళ్ళీ పోసేవాడు. అలా పోస్తూ ఉంటే ఒకప్పటికి నీళ్ళు తేనెరంగులో తేటగా దిగేవి. అమ్మ వాటిని రెండు గిన్నెల్లో కాచేది. మాకూ, శుక్రవారం ప్రార్థనకి వచ్చేవాళ్ళకీ చక్కెర, నారింజతొక్క వేసినది ఒకటి. నాన్నకి చక్కెర లేకుండా గుప్పెడు మెంతులు వేసినది ఒకటి. నాన్న గ్లాసు నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. తను రుచి చూడదు కదా, చేదు సరిపోయిందో లేదో ఆయన్నే అడిగేది. "ఏవండీ, ఎలా ఉంది?" "బాగుంది." ప్రతి గురువారం ఆ ప్రశ్న, ఆ జవాబు.

అప్పట్లో మా తెలుగు క్రైస్తవుల సహవాసానికి సొంత చోటంటూ లేదు. శుక్రవారాలు ఒక్కోసారి ఒక్కొక్కరింట్లో కూడుకునేవాళ్ళం. సంఘపెద్ద తిమోతిగారు బాగా నియమం మనిషి. తాగుడు మాట వస్తే ఆయన కంఠం మారిపోయేది. నాన్న సంగతి ఆయనకే కాదు, సహవాసంలో ఎవరికీ తెలియదు. తెలిస్తే డోలక్ తీసుకుంటారని నాన్నకి భయం. ఒక ఎండాకాలం మా ఇంట్లో కూడిక పెట్టుకున్నాం. ఎక్కువమంది వస్తున్నారని అమ్మ బుధవారమే పెద్ద మొత్తంలో చేసింది. ఫ్రిజ్ నిండా మాంసం, పెరుగు. ఎక్కడ పెట్టాలో తోచక, కాచినదాన్ని గోరువెచ్చగా ఉండగానే తిరిగి కూలర్లో పోసి మూత బిగించింది. కూలర్లో పెడితే చల్లగా ఉంటుందని మా ధీమా. పోసినది వేడిగా ఉంటే వేడిగానే ఉంచుతుందని, అందులో గింజలు నానేసి ఉంచుకున్న మాకే తట్టలేదు.

శుక్రవారం ప్రార్థన అయింది. అందరం చాపల మీద భోజనాలకి కూర్చున్నాం. అమ్మ కూలరు మూత తీస్తే బుస్సుమంది. చల్లదనం కోసం ఐసు వేసి గ్లాసుల్లో పోసి అందించింది. నాన్న కింద పనిచేసే మల్లేశన్న కూడా ఉన్నాడు. జగిత్యాల వైపు మనిషి, క్రైస్తవుడు కాడు, మా ఇంటి భోజనం కోసం అస్కర్ క్యాంపు నుంచి బస్సెక్కి వచ్చేవాడు, పాటలప్పుడు చప్పట్లు అందరికంటే గట్టిగా కొట్టేవాడు. అందరికంటే ముందు గ్లాసు ఖాళీ చేసింది అతనే.

"అక్కా, ఇంకో గిలాస పొయ్యి. దుబాయికొచ్చినంక గింత మంచిది తాగలే," అన్నాడు. గల్ఫులో ఏ దేశమైనా అతనికి దుబాయే.

నాన్న డోలక్‌కి గుడ్డ కప్పుతున్నవాడల్లా తల తిప్పాడు. వచ్చి ఒక గ్లాసు తీసుకుని ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాడు. మింగలేదు. ఆయన మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. తన ఇంట్లో, తన భార్య చేతిమీదుగా, సహవాసంవాళ్ళ మధ్య, ఆయన మానుకున్నది మళ్ళీ నోట్లోకి వచ్చింది. మింగేస్తే ఎవరికీ తెలియదు. మాట్లాడకుండా కూర్చున్నా తెలియదు. తిమోతిగారు అప్పటికే గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకున్నారు. నాన్న వంటింట్లోకి వెళ్ళి తొట్లో ఉమ్మేసి, వెనక్కి వచ్చి, గదిలో అందరికీ వినబడేలా, "ఎవరూ తాగొద్దు. ఇది పులిసిపోయింది. ఇందులో మత్తుంది," అన్నాడు.

"పుల్లగా ఏమీ లేదే. ఎలా చెబుతున్నారు బ్రదర్?" అని తిమోతిగారు మామూలుగానే అడిగారు.

"నాకు తెలుసండి," అన్నాడు నాన్న. "ఊళ్ళో తాగేవోణ్ణి. ఇక్కడికొచ్చాకా తాగేను. ఇది నా కోసమే చేత్తది మా ఆవిడ, నేను అటెళ్ళకుండా. ఆవిడకి దాని రుచి తెలీదు. నాకు తెలుసు."

అమ్మ గుమ్మం దగ్గర చేతిలో జగ్గుతో నిలబడిపోయింది. నాన్న కూలరు ఎత్తి వంటింట్లోకి తీసుకెళ్ళాడు, కుళాయి తిప్పకుండా బోర్లించేశాడు. భళుక్కున మొత్తం పోయింది. మల్లేశన్న ఆగలేకపోయాడు. "అన్నా, గంత మంచిదాన్ని పారబోస్తివి గదా!" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత ఇంకెవరో. తిమోతిగారు మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి తన గ్లాసు కూడా తొట్లో ఒంపేసి, నాన్న భుజం మీద చెయ్యివేశారు. "నేనైతే తెలియక తాగేసేవాణ్ణి బ్రదర్. ఇకనుంచి మన కూడికల్లో ఏది పోసినా ముందు మీరు రుచి చూడాలి. మీరు సరే అన్నాకే మేము తాగుతాం," అన్నారు.

ఆ మాట నిజంగానే ఆనవాయితీ అయిపోయింది. ఎవరింట్లో కూడిక జరిగినా, ద్రాక్షరసం కానీ షర్బత్ కానీ మా మాల్ట్ కానీ, మొదటి గ్లాసు నాన్న చేతికి వచ్చేది. ఆయన ఒక గుక్క తాగి తలూపేవాడు. పిల్లలంతా ఆ తల ఊపు కోసం గ్లాసులు పట్టుకుని ఎదురుచూసేవారు. డోలక్ ఎవరూ తీసుకోలేదు. ఏ సంగతి బయటపడితే సహవాసానికి దూరమైపోతానని ఆయన భయపడ్డాడో, దాన్నిబట్టే ఆయనకి ఒక స్థానం ఇచ్చారు. నాకు ఆ రోజు నాన్నంటే ఎంత గర్వం కలిగిందో ఆయన ఉండగా చెప్పాల్సింది, ఇప్పుడు ఇక్కడ చెప్పుకుంటున్నాను. రిటైరై ఊరికి వెళ్ళాక కూడా వాళ్ళిద్దరూ గురువారం మానలేదు. ఆ ఊళ్ళో సెలవు ఆదివారమే అయినా, మాల్ట్ మాత్రం గురువారమే.

కథంతా విన్న ప్రవీణ్ మెల్లగా రేకుని తన కొత్త పాత్రలో దించాడు. సరిపోలేదు. కూలరు కంటే ఇది వెడల్పు, చుట్టూ వేలెడు సందు మిగిలింది. గింజలన్నీ అందులోంచి కిందికి జారతాయి. అతని మొహం చూసి నేనే చెప్పాను, గుడ్డసంచి ఒకటి తెప్పించు, రేకు అడుగున ఉంచి దాని మీద సంచి పరుద్దాం, సంచి అడుక్కి అంటుకోదు, కుళాయి మూసుకుపోదు, పిండే పని కూడా ఉండదు అని. అలాగే చేశాం. ఇప్పుడు దేనికీ మేకల దాణా కొట్టుకి పోనక్కర్లేదు. మొలకబార్లీ నలగ్గొట్టిందే ప్యాకెట్లో వచ్చింది, నీళ్ళ వేడి చూడ్డానికి అతని దగ్గర మీటరు ఉంది. అమ్మ వేలు పెట్టి చూసిన వేడి, ఆ మీటరు చూపించిన వేడి ఒకటేనా అని అడగాలనుకుని ఊరుకున్నాను. మొదట దిగిన మడ్డి నీళ్ళు పారబోయబోతుంటే సోఫాలోంచి అమ్మ, "మళ్ళీ పైనే పొయ్యండి బాబూ," అంది. అంతవరకూ కునుకు తీస్తోందనుకున్నాం. కాచేటప్పుడు నా వైపు చూసి, "మీ నాన్నకి చేసినట్టే చెయ్యి," అంది. చక్కెర లేకుండా గుప్పెడు మెంతులు వేశాను.

శుక్రవారం ప్రార్థన నుంచి వచ్చాక ప్రవీణ్ ఫ్రిజ్‌లోంచి తీసి అందరికీ పోశాడు. తేనెరంగులో తేటగా ఉంది. గ్లాసులు పట్టుకున్నాం కానీ ఎవరమూ తాగలేదు. కొత్త అల్లుడు ఆ ఆనవాయితీ గురించి విన్నాడే గానీ ఎప్పుడూ చూడలేదు, అయినా మా అందరి చేతులూ ఆగిపోయేసరికి అతనూ ఆగాడు. ముందు రుచి చూడాల్సిన మనిషి లేడు. అమ్మ చెయ్యి చాపి, "ఇటివ్వండి," అంది.

"అమ్మా, నీ తీర్మానం?" అన్నాను.

"ఆయన మానేసినన్నాళ్ళూ అన్నాను. ఆఖరిదాకా మానేసే ఉన్నారు. ఇంక నా తీర్మానం అయిపోయింది కదే," అంది. కొంగు తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, ఒక గుక్క తాగింది. మొహం ముడుచుకుపోయింది. గ్లాసు దూరంగా పట్టుకుని దానివంక చూసింది.

"ఇదేంటే, ఇంత చేదు! ఎన్ని మెంతులేసేవు?"

"నువ్వు వేసినన్నే. గుప్పెడు."

"ఎప్పుడడిగినా బాగుందనేవారే," అంది అమ్మ, ఎవరితోనో తెలియకుండా. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది. ప్రవీణ్ కంగారుగా, వద్దులెండి అమ్మమ్మగారూ, పారబోసేద్దాం అని చెయ్యి చాపాడు. అమ్మ ఇవ్వలేదు. చిన్న చిన్న గుక్కలుగా, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ, అడుగుదాకా తాగి ఖాళీ గ్లాసు అతని చేతికి ఇచ్చింది.

"బాగుంది బాబూ," అంది.